“బడ్జెట్ లేదండీ” అన్నాక ఏం చెయ్యాలి

ప్రభుత్వం మీద కేసు గెలిచినవాళ్ల కోసం ఈ అధ్యాయం. గెలవడం వరకూ వకీలుగారి విద్య. గెలిచిన డబ్బు రాబట్టుకోవడం మాత్రం మనం నేర్చుకోవాల్సిన విద్య, దాన్ని ఏ బడిలోనూ చెప్పరు. తాడిపూడి ఎత్తిపోతల కాలవకో పోలవరం కుడి కాలవకో పొలం ఇచ్చి, పరిహారం చాలలేదని కోర్టుకెక్కి, పెంపు తీర్పు తెచ్చుకున్న రైతు ఉంటాడు. ఆపేసిన పింఛను బకాయి కోసం పోరాడి గెలిచిన రిటైర్డు మాస్టారు ఉంటారు. ఊళ్లో రోడ్డు పని చేసి, బిల్లు రాక కోర్టుకెళ్లిన చిన్న కాంట్రాక్టరు ఉంటాడు. ముగ్గురికీ తీర్పు వచ్చిన రోజు పండగే. ఆ తీర్పు కాపీ పట్టుకుని ఆఫీసుకి వెళ్తే వినబడే మాట కూడా ముగ్గురికీ ఒకటే: “తీర్పు వచ్చింది నిజమే బాబాయ్ గారూ, బడ్జెట్ లేదండీ. వచ్చాక కబురు పెడతాం.”

ఈ మాట దగ్గరే చాలామంది చతికిలబడతారు. కొందరు ఆ పూట నుంచీ బతిమాలడం మొదలెడతారు. కండువా తీసి చేతిలో పట్టుకుని, తమ డబ్బు తామే దానం అడుగుతున్నట్టు నిలబడతారు. కొందరు గుమాస్తా మీద కేకలేసి వచ్చేస్తారు, మళ్లీ ఆ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లక ఆరు నెలలు ఇంట్లో కూచుంటారు. రెండూ నష్టమే. ఈ రెండింటి కిందా ఉన్న పొరపాటు అభిప్రాయం కూడా ఒకటే: ప్రభుత్వం దయ తలిస్తే ఇస్తుంది, లేకపోతే లేదు అని. ముందు దాన్ని మనసులోంచి తీసెయ్యాలి. దాన్ని తీసెయ్యడానికి ఉపన్యాసాలు అక్కర్లేదు, రాజ్యాంగంలో ఒక్క వాక్యం చాలు.

రాష్ట్ర ఖజానా నుంచి పైసా బయటికి రావాలన్నా శాసనసభ అనుమతి ఉండాలి. బడ్జెట్ సమావేశాల్లో శాఖలవారీగా పద్దులు పెట్టి, ఓటు వేసి, చివర్లో ద్రవ్య వినిమయ బిల్లు పాస్ చేసేది అందుకే. అయితే కొన్ని ఖర్చుల్ని రాజ్యాంగమే ఓటుకి అందకుండా పక్కన పెట్టింది. గవర్నరు జీతభత్యాలు, స్పీకరు జీతం, హైకోర్టు జడ్జీల జీతాలు, రాష్ట్రం తెచ్చిన అప్పు మీద వడ్డీలు ఆ కోవలోవి. 202వ అధికరణంలో మూడో క్లాజు తీసి చూడండి. ఆ జాబితాలోనే, ఏ కోర్టు గానీ ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ గానీ ఇచ్చిన తీర్పు, డిక్రీ, అవార్డు తీర్చడానికి కావలసిన సొమ్ము కూడా ఉంది. అంటే గవర్నరుగారి జీతం ఏ వరసలో ఉందో తాళ్లపూడి రైతు గెలిచిన డిక్రీ సొమ్ము కూడా అదే వరసలో ఉంది. బడ్జెట్ పుస్తకాల్లో దీన్ని ‘చార్జ్‌డ్’ ఖర్చు అంటారు, మిగతాది ‘ఓటెడ్’. చార్జ్‌డ్ ఖర్చు మీద సభ్యులు మాట్లాడవచ్చు, ఓటు వెయ్యడం కుదరదని 203వ అధికరణం చెబుతుంది. ద్రవ్య వినిమయ బిల్లులో ఆ అంకె మార్చడానికి సవరణ పెట్టడం కూడా కుదరదని 204 చెబుతుంది.

ఎందుకిలా చేశారో ఒక్క నిమిషం ఆలోచించండి. కోర్టు ఇమ్మన్న సొమ్ముని సభలో ఓటుకి పెడితే, గెలిచినవాడు ఏ పార్టీ మనిషి, ఏ కులం మనిషి అనే లెక్కలు వస్తాయి. కోర్టులో తేలిన తగవు మళ్లీ సభలో మొదటికొస్తుంది. అమెరికాలో లూసియానా రాష్ట్రం సంగతి చూడండి. అక్కడి 1974 రాజ్యాంగం ప్రకారం రాష్ట్రం మీద వచ్చిన తీర్పు సొమ్ము శాసనసభ ప్రత్యేకంగా నిధులు కేటాయిస్తేనే చెల్లుతుంది, ప్రభుత్వ ఆస్తిని జప్తు చెయ్యడం కూడా కుదరదు. గెలిచినవాళ్లు సభ వైపు చూస్తూ కూచోవాలి. ఆ దేశపు కేంద్ర ప్రభుత్వానికీ ఒకప్పుడు ఇదే తంటా ఉండేది. 1956లో తీర్పుల కోసమని శాశ్వత నిధి ఒకటి పెట్టాక ఆ బాధ చాలావరకు తీరింది. మనకి ఆ రక్షణ రాజ్యాంగంలోనే ఉంది. ఆఫీసు గుమ్మం ఎక్కేటప్పుడు ఈ సంగతి గుండెలో ఉండాలి. బతిమాలాల్సిన పని లేదు, కేకలెయ్యాల్సిన పని అంతకన్నా లేదు.

మరి ఓటు అక్కర్లేనప్పుడు డబ్బు దానంతటదే ఎందుకు రాదు? అసలు కిటుకు ఇక్కడుంది. ఓటు అక్కర్లేదు గానీ, అంకె బడ్జెట్‌లో ఉండాలి. చార్జ్‌డ్ ఖర్చు కూడా ద్రవ్య వినిమయ చట్టంలో చేరాల్సిందే. మీ డిక్రీ గురించి శాఖ వాళ్లు ప్రతిపాదన రాసి పంపకపోతే ఆర్థిక శాఖకి మీరున్నారనే తెలియదు. చాలా శాఖల పద్దుల్లో ఓటెడ్ కింద డబ్బుంటుంది, చార్జ్‌డ్ గడిలో సున్నా ఉంటుంది. ఓటెడ్‌లో ఉన్నది తీసి డిక్రీకి కట్టెయ్యడానికి ఆఫీసరుకి అధికారం ఉండదు. అందుకని గుమాస్తా చెప్పే “బడ్జెట్ లేదండీ” చాలాసార్లు అబద్ధం కాదు. అందులో చెప్పని సగం ఒకటుంది: బడ్జెట్ కావాలని ఆ ఆఫీసు నుంచి కాగితం పైకి వెళ్లిందా, లేదా? మీరు అడగాల్సింది ఆ సగమే. “డబ్బు ఎప్పుడిస్తారండీ” అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. “డిక్రిటల్ చార్జీలకి, అంటే డిక్రీ సొమ్ము చెల్లింపుకి, ప్రతిపాదన ఏ తేదీన పంపారండీ, దాని నంబరెంత” అని అడిగితే జవాబు చెప్పి తీరాలి. ఈ రెండో ప్రశ్న అడిగిన రోజు నుంచీ ఆ బల్ల దగ్గర మిమ్మల్ని చూసే తీరు మారుతుంది.

అంతకన్నా ముందు డబ్బు కట్టాల్సింది ఎవరో తేల్చుకోండి. ఇక్కడ పొరబడి ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. కాలవకి పోయిన పొలమైతే అవార్డు ఇచ్చింది రెవెన్యూ వాళ్లు, భూమి అడిగింది జలవనరుల శాఖ. పెంపు సొమ్ము జలవనరుల పద్దు నుంచి రావాలి. ఆర్డీఓ ఆఫీసు మధ్యవర్తి మాత్రమే. గుండుగొలను, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా వేసిన నాలుగు వరసల రోడ్డుకి పోయిన భూమైతే అది జాతీయ రహదారుల చట్టం కిందికి వస్తుంది. అక్కడ కట్టేది జాతీయ రహదారుల సంస్థ, రాష్ట్ర బడ్జెట్‌తో దానికి సంబంధం లేదు. రేటు మీద తగవుంటే ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లాలి. ఆ చట్టం కింద పోయిన భూములకి కూడా సొలేషియం (భూమి బలవంతంగా తీసుకున్నందుకు ధర పైన ఇచ్చే అదనపు సొమ్ము), వడ్డీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరులో తర్సేమ్ సింగ్ కేసులో తేల్చింది. రైల్వే లైనుకి పోయిందైతే కేంద్ర ఖజానా, దానికి దారి పార్లమెంటు.

కొవ్వూరు డివిజన్ వాళ్లకి ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి, కొవ్వూరు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి మారింది. కలెక్టరుగారి కోసం ఏలూరు వెళ్లేవాళ్లం, ఇప్పుడు గోదావరి వంతెన దాటి రాజమహేంద్రవరం వెళ్తున్నాం. మనుషులు మారినంత సులువుగా ఫైళ్లు మారవు. మీ అవార్డు 2022కి ముందుదైతే మూల ఫైలు ఎక్కడుంది, ఏలూరులోనా, రాజమహేంద్రవరంలోనా, కొవ్వూరులోనే ఉందా అన్నది రాతమూలకంగా అడగండి. సమాచార హక్కు దరఖాస్తు దీనికి బాగా పనికొస్తుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో కథ రాయకండి. ఫైలు నంబరు, ఇప్పుడది ఏ అధికారి దగ్గరుంది, నిధుల కోసం ఎవరికి ఏ తేదీన రాశారు, దానికి జవాబు వచ్చిందా. ఇంతే అడగండి. ఆ ఉత్తరాల నకళ్లు కూడా అడగండి.

ఇక మీరు ఇచ్చే అర్జీ. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నేను చూసిన అర్జీల్లో సగం పైగా చదివేవాడికి పనికిరావు. పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసి, అన్యాయం జరిగిందని రాసి, చివర్లో ‘దయయుంచి’ అని దణ్ణం పెడతారు. బిల్లు తయారుచేసే మనిషికి కావలసింది అందులో ఉండదు. పై వరసలో కోర్టు పేరు, ఓపీ (కేసు) నంబరు, తీర్పు తేదీ రాయండి. కింద సర్వే నంబరు, విస్తీర్ణం. ఆ కింద లెక్క: అసలు ఎంత, సొలేషియం ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వడ్డీ ఎంత, ఇదివరకు ముట్టింది ఎంత, రావలసింది ఎంత. తీర్పు, డిక్రీల సర్టిఫైడ్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పాన్ కార్డు, ఆధార్ నకళ్లు జతచెయ్యండి. అంతా ఒక్క పేజీలో రావాలి. ఆఖరి వాక్యంగా ఇది రాయండి: ఈ సొమ్ము రాజ్యాంగం 202(3) ప్రకారం చార్జ్‌డ్ ఖర్చు కాబట్టి, ఆ పద్దు కింద అదనపు నిధులకు ప్రతిపాదన పంపి, ఆ ఉత్తరం నకలు నాకు ఇప్పించగలరు. రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే.

వడ్డీని ఊరికే మొత్తంగా కాకుండా రోజుకి ఎంతో కట్టి రాయండి. పాత 1894 భూసేకరణ చట్టం కింద పెరిగిన పరిహారానికి భూమి స్వాధీనం చేసుకున్న మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ నడుస్తుంది. మీకు 10 లక్షలు పెంపు వచ్చిందనుకోండి. 15 శాతం చొప్పున ఏడాదికి లక్షన్నర, నెలకి 12,500, రోజుకి 411 రూపాయలు. ఫైలు ఒక బల్ల మీద నెల్లాళ్లు పడుకుంటే ప్రజల సొమ్ము 12,500 పోయినట్టు. మీ ఒక్కరి డిక్రీ కాకుండా అదే కాలవ కింద మరో వంద మంది ఉంటే ఆ అంకె ఎంతవుతుందో వేసి చూపించండి. ఈ లెక్క చూస్తే నిజాయితీగల ఆఫీసరు పైకి రాయడానికి ఉత్సాహపడతాడు, బద్ధకించే ఆఫీసరు రేపు ఆడిట్‌లో జవాబు చెప్పాల్సి వస్తుందని భయపడతాడు. ఇద్దరి చేతా పని జరుగుతుంది.

ఇదే లెక్క మీ ఇంట్లో కూడా చెప్పాలి. డిక్రీ వచ్చిందని తెలియగానే అప్పిచ్చేవాళ్లు మర్యాదగా పలకరిస్తారు. అమ్మాయి పెళ్లికో, కుర్రాడి చదువుకో, డిక్రీ చూసుకుని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. అటు నుంచి 15 శాతం వస్తోంటే ఇటు నుంచి 24 పోతోంది. ఏళ్లు తిరిగేకొద్దీ గెలిచిన సొమ్ము కరిగిపోతూ ఉంటుంది. రాబోయే డబ్బుని ఇంటి లెక్కల్లో రాయకండి. అది లేదనుకునే సంసారం నడపండి. ఆతురపడని మనిషి దగ్గర డిక్రీని సగం ధరకి రాయించుకునే ధైర్యం ఎవరికీ రాదు.

క్యాలెండరు గమనించాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, అప్పటికి ఖర్చుకాని కేటాయింపు మురిగిపోతుంది. వచ్చే ఏడాది బడ్జెట్ కోసం శాఖలు అంచనాలు పంపడం శీతాకాలంలోపే జరుగుతుంది. కాబట్టి మీ అర్జీ దసరా దీపావళి రోజుల నాటికి ఆఫీసులో ఉండాలి, ఫిబ్రవరిలో కాదు. ఆ సమయం దాటిపోతే కంగారక్కర్లేదు. 205వ అధికరణం కింద అనుబంధ పద్దులు పెట్టే ఏర్పాటుంది. ఆలోగా అదనపు నిధులు మంజూరు చేసి, తర్వాత అనుబంధ పద్దులో చూపించుకుంటామని ఆర్థిక శాఖ ఉత్తర్వు ఇవ్వడం కూడా మామూలే. ఎన్నికల ఏడాది మాత్రం ఓపిక పట్టాలి. 2024లో మన రాష్ట్రంలో ఓటాన్ అకౌంట్‌తో, అంటే కొన్ని నెలల తాత్కాలిక అనుమతితో, నడిపి నడిపి, పూర్తి బడ్జెట్ సభ ముందుకి వచ్చేసరికి నవంబరు 11 అయింది. అలాంటి సంవత్సరాల్లో మీ ఫైలు నిద్రపోకుండా చూసుకోవడమే పని.

ఎమ్మెల్యేగారి దగ్గరికి వెళ్లాలా అని అడుగుతారు. వెళ్లండి, అయితే “నా డబ్బు ఇప్పించండి” అని కాదు. ఓటు లేకపోయినా చార్జ్‌డ్ ఖర్చు మీద మాట్లాడే హక్కు సభ్యులకి ఉంది. ఫలానా ప్రాజెక్టు కింద కోర్టు తీర్పులకి చెల్లించాల్సిన సొమ్ము ఎంత పేరుకుంది, దాని మీద ఏడాదికి ఎంత వడ్డీ పెరుగుతోంది అని సభలో ప్రశ్న వెయ్యమనండి. ప్రశ్న వాక్యం మీరే రాసి ఇవ్వండి. పదిమంది డిక్రీదారులు కలిసి వెళ్తే మరీ మంచిది.

మంచిగా అడిగినా కదలకపోతే చట్టం ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 82వ సెక్షను ప్రకారం ప్రభుత్వం మీద డిక్రీ అయితే 3 నెలలు ఆగాలి. అప్పటికీ చెల్లించకపోతే ఎగ్జిక్యూషన్ పిటిషన్, మన భాషలో ఈపీ, వేసుకోవచ్చు. డిక్రీ అమలుకి గడువు 12 ఏళ్లు. గడువు ఉందిగా అని పదకొండో ఏడు దాకా కూచోకండి. ఆఫీసు జీపునీ కుర్చీలనీ జప్తు చెయ్యడానికి కోర్టు అమీనా వారంటు పట్టుకుని వెళ్లాడని అప్పుడప్పుడు పేపర్లో చూస్తుంటాం. ఆ కుర్చీలు వేలం వేస్తే మీ డబ్బు రాదు. కానీ జప్తు వారంటు వచ్చిందన్న కబురుతో సచివాలయంలో ఫైలు కదులుతుంది, దాని ప్రయోజనం అదే. కోపం తీర్చుకోవడానికి కాకుండా ఆ ప్రయోజనం కోసమే వాడుకోండి.

ప్రభుత్వం అప్పీలుకి వెళ్లిందని విన్నా దిగులుపడకండి. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగిపోదు, హైకోర్టు స్టే ఇవ్వాలి. స్టే ఇచ్చేటప్పుడు సొమ్ములో సగమో కొంత భాగమో డిపాజిట్ చెయ్యమని షరతు పెట్టడం భూపరిహారం కేసుల్లో పరిపాటి. ఆ డిపాజిట్ తీసుకోవడానికి అనుమతి అడగమని మీ వకీలుగారికి గుర్తుచెయ్యండి.

రిట్ మీద హైకోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నవాళ్ల దారి కొంచెం వేరు. వాళ్లకి కోర్టు ధిక్కారం పిటిషన్ ఉంది, దానికి గడువు ఏడాదే. 2021 సెప్టెంబరులో నెల్లూరు జిల్లాలో ఒక మహిళ భూమికి పరిహారం ఆలస్యం చేసినందుకు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐఏఎస్ అధికారులకి జైలుశిక్ష వేసింది. ఆ శిక్ష తర్వాత నిలిచిపోయింది. అయినా 2017లో మూడు నెలల్లో ఇమ్మన్న డబ్బు 2021 దాకా సాగిందన్న సంగతి ఆ తీర్పుతో రాష్ట్రమంతా తెలిసింది. కరోనా మొదలైనప్పుడు 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో రాష్ట్ర ప్రభుత్వం ఆపిన జీతాలు, పింఛన్ల కథ కూడా తెలుసుకోదగ్గది. హైకోర్టు 12 శాతం వడ్డీతో కట్టమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టులో వడ్డీ మీదే వాదించింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ తీసెయ్యలేదు. జీతం, పింఛను ఉద్యోగి హక్కు అని, ఆలస్యం చేస్తే వడ్డీ కట్టాలని చెప్పింది.

లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మంటే ఆలోచించండి. వడ్డీలో కొంత వదులుకుంటే అప్పీలు భయం పోతుంది, వయసు మీద పడినవాళ్లకి అది చిన్న లాభం కాదు. లోక్ అదాలత్ అవార్డుకి డిక్రీతో సమానమైన విలువ ఉంది, దాని మీద అప్పీలు లేదు. కానీ ఏ తేదీలోగా కడతారో, కట్టకపోతే వదులుకున్న వడ్డీ మళ్లీ ఎలా నడుస్తుందో రాజీ కాగితంలో లేకపోతే సంతకం పెట్టొద్దు. తేదీ లేని రాజీ మీ వడ్డీని తగ్గిస్తుంది, ఎదురుచూపుని తగ్గించదు.

డెబ్భై దాటినవాళ్లు ఇంకో పని ఇప్పుడే చెయ్యాలి. పిల్లల్ని కూచోబెట్టి కేసు నంబరు, వకీలుగారి పేరు, ఫైలు ఉన్న చోటు చెప్పండి. ఈపీ నడుస్తుండగా డిక్రీదారు పోతే కేసు రద్దవదు, వారసులు కొనసాగించుకోవచ్చు. అయితే ఎవరెవరికి ఎంత అని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ తగవుపడితే, ప్రభుత్వం కట్టిన డబ్బు కూడా కోర్టు డిపాజిట్‌లోనే ఉండిపోతుంది. మీరు బతికుండగానే కాగితం మీద తేల్చెయ్యండి.

డబ్బు వచ్చే రోజున జాగ్రత్తగా ఉండండి. సాధారణంగా సొమ్ము ముందు కోర్టులో జమవుతుంది, చెక్కు పిటిషన్ వేసి తీసుకోవాలి. జమైన అంకెని మీ లెక్కతో పోల్చండి. పాత చట్టం కింద సొలేషియం మీద కూడా వడ్డీ వస్తుందని సుప్రీంకోర్టు 2001లో సుందర్ కేసులో చెప్పింది, దాన్ని కలిపారో లేదో చూడండి. వడ్డీ డిపాజిట్ చేసిన తేదీ దాకా వేశారా, ప్రతిపాదన రాసిన తేదీతో ఆపేశారా చూడండి. చాలా లెక్కలు ఇక్కడే తప్పుతాయి, ఎందుకంటే ప్రతిపాదనకీ చెల్లింపుకీ మధ్య ఏడాది గడిచిపోతుంది. డిక్రీకి తక్కువగా కడితే వచ్చినదాన్ని ముందు వడ్డీకి, ఖర్చులకి, తర్వాత అసలుకి జమ చేసుకునే వీలుందని 2006లో గుర్‌ప్రీత్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కింది కోర్టు దశలో పూర్తిగా తీరిన లెక్కల్ని మాత్రం మళ్లీ తిరగదోడకూడదు. వడ్డీ మీద ఆదాయపు పన్ను ఉంటుంది కాబట్టి ఒక ఆడిటరుని ముందే కలవండి.

డబ్బు ముట్టే రోజున ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంటారు. డిక్రీ సొమ్ము మొత్తం ముట్టిందని అందులో ఉంటే, మీ లెక్కకి ఒక్క రూపాయి తక్కువైనా దాని మీద పెట్టకండి. ‘పార్ట్ శాటిస్‌ఫాక్షన్’, అంటే కొంత భాగమే ముట్టింది, అని రాయించి, ఇంకా రావలసిన అంకె పక్కన వేయించి, అప్పుడు పెట్టండి.